డాస్ పాసోస్ 'యు.ఎస్.ఏ.' నవలకి ఏమైంది?

1936 ఆగస్టులో టైమ్ మ్యాగజైన్ వాళ్ళు కవర్ మీద జాన్ డాస్ పాసోస్ అనే నవలా రచయితని వేశారు. అప్పటికి హెమింగ్వే ఆ కవర్ ఎక్కలేదు, ఫాక్నర్ ఎక్కలేదు, ఫిట్జెరాల్డ్ అయితే ఆయన పని అయిపోయిందనే జనం అనుకుంటున్న రోజులు. ఇంకో రెండేళ్ళకి, 1938లో, ఫ్రాన్స్‌లో తత్వవేత్త జాఁ పాల్ సార్త్ర్ ఒక వ్యాసం రాసి, డాస్ పాసోస్‌ని మన కాలపు అతి గొప్ప రచయితగా భావిస్తున్నానని ఏ మొహమాటమూ లేకుండా తేల్చి చెప్పేశాడు. మరి ఇప్పుడు? మన దగ్గర ఎమ్.ఏ. ఇంగ్లీషు చేసినవాళ్ళకి హెమింగ్వే తెలుసు, ఫాక్నర్ తెలుసు, స్టైన్‌బెక్ తెలుసు, పుస్తకం ముట్టుకోనివాళ్ళు కూడా ఫిట్జెరాల్డ్ నవల గాట్స్‌బీ పేరు వినుంటారు, డాస్ పాసోస్ అంటే మాత్రం ఎవరాయన అంటారు. అమెరికాలో కూడా పరిస్థితి ఇంతకన్నా పెద్ద గొప్పగా ఏం లేదు.

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది. లెఫ్ట్‌లో ఉన్నన్నాళ్ళు విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, రైట్‌కి వెళ్ళగానే కింద పడేశారు, అంతే అని. అందులో నిజం ఉంది. కానీ అదొక్కటే పట్టుకుని కూర్చుంటే విషయం సగం కూడా అర్థం కాదు, ఎందుకంటే ఈ పుస్తకం పేరు మసకబారడంలో రాజకీయాల పాత్ర ఎంతుందో, నవలంటే ఇలా ఉంటేనే నవల అని తర్వాతి తరం పెట్టుకున్న లెక్కల పాత్ర కూడా అంతుంది. నా మటుకు నాకు ఆ రెండోదే పెద్ద కారణం అనిపిస్తుంది.

ముందు పుస్తకం ఏంటో చెప్పాలి, లేకపోతే మిగతాదంతా గాల్లో మాటల్లా ఉంటుంది. 'యు.ఎస్.ఏ.' మూడు నవలల కట్ట. 'ద ఫార్టీసెకండ్ ప్యారలల్' 1930లో, 'నైన్టీన్ నైన్టీన్' 1932లో, 'ద బిగ్ మనీ' 1936లో వచ్చాయి, మూడూ కలిపి ఒక్క పుస్తకంగా 1938లో వేశారు. వెయ్యి పేజీలు దాటిపోతుంది. 1900 నుంచి 1929 స్టాక్ మార్కెట్ కుప్పకూలే దాకా, ఆ తర్వాత ఇంకాస్త దూరం, అమెరికా ఎలా నడిచిందో చెప్తుంది. చెప్పే పద్ధతే విచిత్రం. నాలుగు రకాల రాత ఒకదాని తర్వాత ఒకటి వస్తూ ఉంటుంది.

ఒకటి మామూలు కథ. 12 మంది మనుషులు, ఒక్కొక్కళ్ళ పేరుతో అధ్యాయాలు. ప్రింటింగ్ పని నేర్చుకుని యూనియన్ల వెంట తిరిగే మాక్, టైపిస్టు ఉద్యోగంతో పైకొచ్చే జేనీ, ఓడల్లో కూలికి తిరిగే ఆమె అన్న జో, పల్లెటూరి మెకానిక్‌గా మొదలై విమానాల కంపెనీ షేర్లలో మునిగిపోయే చార్లీ ఆండర్సన్, హాలీవుడ్ స్టార్ అయ్యే మార్గో డౌలింగ్, సమ్మెల కోసం జీవితం ఇచ్చేసిన మేరీ ఫ్రెంచ్, ఇలా. వీళ్ళలో కొందరు అసలు ఒకరికొకరు తారసపడరు. మాక్ అయితే మొదటి భాగంలో మెక్సికో దాకా వెళ్ళి అక్కడే ఆగిపోతాడు, మళ్ళీ కనపడడు. రెండోది 'న్యూస్‌రీల్', మొత్తం 68 ఉన్నాయి, నిజం పేపర్లలోంచి తీసిన హెడ్‌లైన్లు, సగంలో తెగిపోయిన వార్తలు, అప్పటి పాటల చరణాలు, అడ్వర్టైజ్‌మెంట్ ముక్కలు అన్నీ కలిపి అతికించినవి. మూడోది 'కెమెరా ఐ', ఇవి 51, రచయిత సొంత జ్ఞాపకాలు, మనసులో ఆలోచన ఎలా పారితే అలా రాసే, మన విమర్శకులు చైతన్య స్రవంతి అంటారే ఆ పద్ధతిలో, ఫుల్‌స్టాపులు కూడా సరిగ్గా ఉండవు. నాలుగోది నిజంగా బతికిన మనుషుల జీవిత చిత్రాలు, 27, ఎడిసన్, కార్నెగీ, హెన్రీ ఫోర్డ్, జె.పి. మోర్గాన్, ఇసడోరా డంకన్, రైట్ సోదరులు, పత్రికల యజమాని హర్స్ట్, కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్, పాటలు కట్టి యూనియన్ నడిపి ఉరికంబం బదులు తుపాకీ గుండ్లకి బలైన జో హిల్.

ఈ జీవిత చిత్రాల్లో ఒక్కదాని గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 'నైన్టీన్ నైన్టీన్' చివర్లో ఉంటుంది, పేరు తెలియని సైనికుడి మీద. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన గుర్తు తెలియని ఒక అమెరికన్ సిపాయి శవాన్ని ఫ్రాన్స్ నుంచి తెచ్చి 1921 నవంబర్ 11న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ప్రభుత్వ లాంఛనాలతో పూడ్చిపెట్టారు, అది చరిత్ర. డాస్ పాసోస్ దీన్ని అమెరికన్ కాంగ్రెస్ తీర్మానంతో మొదలుపెడతాడు, పదాల మధ్య ఖాళీలు తీసేసి, ఎవరో ఊపిరి తీసుకోకుండా గడగడా చదివేస్తున్నట్టు. ఆ వెంటనే శవాల గదిలోకి తీసుకెళ్తాడు, అక్కడ సున్నం వాసన, వరసగా పెట్టెలు, ఇందులోంచి ఒకణ్ణి ఎంచుకోవాలి, వాడు నల్లవాడు కాకుండా చూసుకోండి అని ఎవరో అంటారు. తర్వాత ఆ సిపాయి ఎక్కడ పుట్టాడో చెప్తాడు, ఒక ఊరు కాదు, బ్రూక్లిన్‌లో పుట్టాడు, మెంఫిస్‌లో పుట్టాడు, క్లీవ్‌ల్యాండ్‌లో పుట్టాడు, ఎందుకంటే వాడు ఎవరైనా అయ్యుండొచ్చు. ఏం పని చేశాడో కూడా అంతే, హోటల్లో ప్లేట్లు తీశాడు, కోతలకి వెళ్ళాడు, ఇంకా అలాంటివి చాలా. చివర్లో ఛాతీ ఉండాల్సిన చోట పతకాలు గుచ్చుతారు, ఏ దేశం ఏ పతకం పంపిందో లిస్టు చదువుతున్నట్టు చెప్పుకుపోతాడు, వాషింగ్టన్ పెద్దలందరూ పూలు తెచ్చారంటాడు, ప్రెసిడెంటుగా దేశాన్ని యుద్ధంలోకి దింపిన ఉడ్రో విల్సన్ గసగసాల పూలగుత్తి తెచ్చాడు, అక్కడితో అయిపోతుంది. ఒక్క తిట్టు లేదు, ఒక్క ఉపన్యాసం లేదు. యుద్ధానికి వ్యతిరేకంగా ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన రాతల్లో ఈ నాలుగైదు పేజీల పక్కన నిలబడగలిగేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని నేను గట్టిగా నమ్ముతాను.

ఇలాంటి పుస్తకం రాసినాయన ఎక్కడ్నుంచి వచ్చాడంటే, 1896లో షికాగోలో ఒక హోటల్ గదిలో పుట్టాడు. తండ్రి పేరుమోసిన కార్పొరేట్ లాయరు, మదైరా ద్వీపం నుంచి వచ్చిన పోర్చుగీసు కుటుంబం, తల్లితో ఆయనకి పెళ్ళి కాలేదు, ఆయన వేరే భార్య చనిపోయాక 1910లో గానీ పెళ్ళి చేసుకోలేదు. దాంతో పిల్లాడు చిన్నప్పుడు తల్లితో యూరప్ హోటళ్ళలో తిరుగుతూ, వేరే ఇంటిపేరుతో పెరిగాడు. తర్వాత హార్వర్డ్, ఆ తర్వాత యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ డ్రైవర్. ఏ ఊరి వాడూ కాని పిల్లాడికి ఊళ్ళోవాళ్ళ మాట తీరు మీద ఉండే చెవి ఈయనకి ఉంది, కెమెరా ఐ భాగాలు చదివితే ఆ ఒంటరితనం కనపడుతుంది.

'యు.ఎస్.ఏ.' కన్నా ముందు 1925లో 'మాన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్' వచ్చింది. ఆ పేరు ఒక రైల్వే స్టేషన్‌ది. న్యూజెర్సీలో హారిసన్ దగ్గర 1910 నుంచి 1937 దాకా ఉండేది, ఆవిరి ఇంజన్ తీసేసి కరెంటు ఇంజన్ తగిలించేవాళ్ళు, న్యూయార్క్ కింది భాగానికి వెళ్ళేవాళ్ళు అక్కడ దిగి వేరే రైలెక్కేవాళ్ళు. న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊరి వైపు నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి రోజూ వెళ్ళొచ్చే మన తెలుగువాళ్ళు నెవార్క్ దాటగానే ఆ చోటు మీదుగానే పోతారు, ఇప్పుడక్కడ స్టేషన్ లేదు. ఆ నవలకి ఇంకో నవలాకారుడు సింక్లెయిర్ లూయిస్ రాసిన సమీక్షలో ఇది ప్రూస్ట్ కన్నా, గెర్ట్రూడ్ స్టెయిన్ కన్నా, జాయిస్ 'యులిసిస్' కన్నా ముఖ్యమైనదన్నాడు. అంత మాట అనాలా అంటే అనక్కర్లేదు, కానీ ఆ రోజుల్లో ఈయన మీద ఆశలు ఏ రేంజిలో ఉండేవో తెలుస్తుంది.

ఇక 1927. సాకో, వాంజెట్టి అనే ఇద్దరు ఇటాలియన్ వలస కార్మికులు, ఏ ప్రభుత్వమూ వద్దనే అనార్కిస్టులు, దోపిడీ హత్య కేసులో ఆ ఏడాది ఆగస్టు 23న బోస్టన్‌లో వాళ్ళని కరెంటు కుర్చీలో చంపేశారు. వాళ్ళకి న్యాయమైన విచారణ జరగలేదని ప్రపంచమంతా గోల చేసింది. డాస్ పాసోస్ వాళ్ళ తరఫున ఒక కరపత్రం రాశాడు, నిరసనలో అరెస్టయ్యాడు. ఆ దెబ్బ ఆయనకి మానలేదు. 'ద బిగ్ మనీ'లో 50వ కెమెరా ఐ ఆ రాత్రి గురించే, అందులో "సరే, మనం రెండు దేశాలం" అనే మాట ఉంటుంది, ఈ పుస్తకం మొత్తంలో ఎక్కువమంది గుర్తుపెట్టుకున్న మాట అదే. అదే చోట ఇంకో సంగతి అంటాడు, పరాయివాళ్ళు మన దేశాన్ని ఓడించారు, మన తాతలు మాట్లాడిన శుభ్రమైన మాటల్ని తిరగేసి మురికి చేశారు అని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ కావాలి.

రెండో భాగం అచ్చు వెయ్యడానికే ఒక గొడవ జరిగింది. మోర్గాన్ బ్యాంకు మీద రాసిన జీవిత చిత్రం తీసెయ్యమని హార్పర్ ప్రచురణ సంస్థ అడిగింది, ఎందుకంటే ఒకప్పుడు ఆ సంస్థ కష్టాల్లో ఉంటే ఆదుకున్నది ఆ మోర్గానే. ఈయన తియ్యనన్నాడు, పుస్తకం తీసుకుని హార్కోర్ట్ వాళ్ళ దగ్గరికి పోయాడు. దేశమంతా ఉద్యోగాల్లేక రొట్టె కోసం లైన్లలో నిలబడ్డ కాలంలో ఇలాంటి పుస్తకం వస్తే, మా కథని మా అంత పెద్దగా చెప్పినవాడు వచ్చాడని లెఫ్ట్ పత్రికలూ మేధావులూ పండగ చేసుకోవడంలో వింతేం లేదు.

ఇప్పుడు పతనం సంగతి. అందరూ చెప్పే కథ ఇది. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధం. అక్కడి రిపబ్లిక్ ప్రభుత్వం తరఫున ఒక డాక్యుమెంటరీ తీసే పని మీద డాస్ పాసోస్ అక్కడికి వెళ్ళాడు, హెమింగ్వే కూడా ఆ సినిమా పనిలోనే ఉన్నాడు. ఈయన పాత స్నేహితుడు హోసె రోబ్లెస్, జాన్స్ హాప్కిన్స్‌లో ప్రొఫెసరు, 'మాన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్'ని స్పానిష్‌లోకి అనువదించినాయన, రిపబ్లిక్ సైన్యంలో ఒక సోవియట్ సైనికాధికారికి దుబాసీగా పనిచేస్తున్నాడు. ఈయన వెళ్ళేసరికి రోబ్లెస్ మాయం. వెతకగా వెతకగా తేలింది ఏంటంటే, సొంత పక్షం వాళ్ళే అరెస్టు చేసి చంపేశారు. ఎందుకు చంపారో ఎవరూ సూటిగా చెప్పరు. యుద్ధంలో ఇలాంటివి జరుగుతాయి, నువ్వు గొడవ చేస్తే మన పక్షానికే నష్టం అన్న ధోరణి హెమింగ్వేది. స్నేహం అక్కడితో తెగిపోయింది. డాస్ పాసోస్ వెనక్కొచ్చాక కమ్యూనిస్టులకి దూరమయ్యాడు, తర్వాత తర్వాత బాగా కుడివైపుకి జరిగాడు, రైట్ వాళ్ళ నేషనల్ రివ్యూ పత్రికలో రాశాడు, 1964 ప్రెసిడెంటు ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్‌ని సపోర్ట్ చేశాడు.

1939లో 'అడ్వెంచర్స్ ఆఫ్ ఎ యంగ్ మ్యాన్' వచ్చింది, స్పెయిన్‌లో కమ్యూనిస్టుల చేతిలో మోసపోయిన కుర్రాడి కథ, దాన్ని లెఫ్ట్ విమర్శకులు చీల్చి చెండాడారు. అంతకుముందు ఈయన్ని మెచ్చుకున్న విమర్శకుడు మాల్కమ్ కౌలీ కూడా న్యూ రిపబ్లిక్ పత్రికలో తీవ్రంగా రాశాడు. ఇంకో నవలాకారుడు జేమ్స్ ఫారెల్ మాత్రం, మీరు పుస్తకాన్ని కాదు మనిషి రాజకీయాన్ని సమీక్షిస్తున్నారని ఎదురు తిరిగాడు. ఫారెల్ అన్నదాంట్లో న్యాయం ఉంది, అయితే ఆ నవల నిజంగానే బలహీనమైనది కూడా. ఈ రెండు సంగతులూ ఒకేసారి నిజం కావడమే ఇక్కడ చిక్కు.

ఇంకో చిక్కు ఏంటంటే, స్పెయిన్‌లో ఒక్క దెబ్బకి మనిషి మారిపోయాడన్న కథ తారీఖుల ముందు నిలబడదు. 1934లోనే, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సోషలిస్టుల సభని కమ్యూనిస్టులు భగ్నం చేస్తే, దాన్ని తప్పుపట్టిన బహిరంగ లేఖ మీద ఈయన సంతకం పెట్టాడు, కమ్యూనిస్టుల న్యూ మాసెస్ పత్రిక వాళ్ళు 'కామ్రేడ్ డాస్ పాసోస్, మీరు కూడానా' అన్న బాధతో జవాబు రాశారు. పుస్తకంలోనే చూడండి, 'ద బిగ్ మనీ'లో బెన్ కాంప్టన్ అనే కార్మిక కార్యకర్త, జైలుకెళ్ళొచ్చినవాడు, జీవితమంతా పార్టీకి ఇచ్చినవాడు, వాణ్ణి చివరికి పార్టీయే వెలివేస్తుంది. ఈ పుస్తకం 1936ది. స్పెయిన్‌లో రోబ్లెస్ సంగతి ఇంకా జరగలేదు. అప్పుడు ఎర్రజెండా చేత్తో పట్టుకుని మెచ్చుకున్న విమర్శకులు ఈ అధ్యాయాన్ని చూసీ చూడనట్టు పోయారు. పెద్ద అధికారం ఎవరి చేతిలో ఉన్నా ఈయనకి భయమే, 1930లో ఆ అధికారం బ్యాంకులదీ కంపెనీలదీ అనిపించింది, తర్వాత పార్టీదీ ప్రభుత్వానిదీ యూనియన్ బాసులదీ అనిపించింది. ఆయన ముసలితనంలో తీసుకున్న పక్షాలు నాకు ఏమాత్రం నచ్చవు, అయినా ఆ మనిషి లోపల ఒక తీగ తెగకుండా సాగిందని ఒప్పుకోకపోతే అన్యాయం.

పోనీ రాజకీయమే మొత్తం కారణం అనుకుందాం. అలాగైతే అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ ఎప్పుడో మట్టికొట్టుకుపోవాలి. యుద్ధ సమయంలో ముస్సోలినీ ఇటలీ రేడియోలో కూర్చుని సొంత దేశానికి వ్యతిరేకంగా, యూదుల మీద విషం కక్కుతూ మాట్లాడినవాడు ఆయన, దేశద్రోహం కేసు పెట్టారు, అయినా 1949లో బొలింజెన్ కవిత్వ బహుమతి ఆయనకే ఇచ్చారు. పెద్ద రచ్చ జరిగింది, కానీ పౌండ్ సిలబస్‌లో ఉండిపోయాడు. పత్రికలో వ్యాసాలు రాసుకుని గోల్డ్‌వాటర్‌కి ఓటడిగిన డాస్ పాసోస్ మాత్రం జారిపోయాడు. అంటే ఇక్కడ ఇంకేదో పనిచేసింది.

అది యూనివర్సిటీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కాలేజీల్లో చేరేవాళ్ళు విపరీతంగా పెరిగారు, సాహిత్యం పాఠంగా చెప్పడం పెద్ద వ్యవహారమైంది, పత్రికల్లో రాసే సమీక్షకుల చేతిలోంచి రచయితల పేరుప్రతిష్ఠలు ప్రొఫెసర్ల చేతిలోకి పోయాయి. ఆ ప్రొఫెసర్ల దగ్గర అప్పుడు నడుస్తున్నది న్యూ క్రిటిసిజం. క్లీంత్ బ్రూక్స్, రాబర్ట్ పెన్ వారెన్ లాంటివాళ్ళు నేర్పిన పద్ధతి, రచనని చరిత్ర నుంచీ రచయిత జీవితం నుంచీ విడదీసి, ఒక్కో వాక్యాన్నీ ఒక్కో ప్రతీకనీ దగ్గరగా చదవడం. చిన్న కవితకి, పది పేజీల కథకి, ఒక మనిషి లోపలి ఘర్షణ మీద నడిచే నవలకి ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 'యు.ఎస్.ఏ.' దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ఇక్కడ చరిత్రని తీసేస్తే పుస్తకమే ఉండదు, న్యూస్‌రీల్‌లో ఉన్న హెడ్‌లైన్ ఏ సమ్మె గురించో, ఏ సెనేటరు గురించో తెలియకపోతే సగం పోతుంది. పైగా వెయ్యి పేజీల పైచిలుకు పుస్తకాన్ని సెమిస్టర్‌లో ఎన్ని వారాలు చెప్తారు? గాట్స్‌బీ రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, క్లాసులో చెప్పని పుస్తకం ముప్పై ఏళ్ళకి షాపుల్లోంచి కూడా పోతుంది, ఎందుకంటే దాన్ని కొనేవాళ్ళలో ఎక్కువమంది విద్యార్థులే. డాస్ పాసోస్‌ని సంకలనాల్లో ముక్కలుగా వేశారు, ఒక ఫోర్డ్, ఒక గుర్తు తెలియని సైనికుడు, అలా. ముక్క చదివినవాడికి మొత్తం ఎలా కుదురుకుందో తెలిసే వీల్లేదు.

అదే కాలంలో మిగతావాళ్ళకి ఏం జరిగిందో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఫిట్జెరాల్డ్ 1940లో చనిపోయేనాటికి గాట్స్‌బీని అడిగేవాళ్ళు లేరు. యుద్ధంలో సైనికులకి ఉచితంగా పంచిన పేపర్‌బ్యాకుల్లో దాన్ని వేశారు, లక్షకి పైగా కాపీలు వెళ్ళాయి, ఆ తర్వాత విమర్శకులు పట్టించుకోవడం మొదలుపెట్టారు. ఫాక్నర్ పుస్తకాలు 1940ల మధ్యలో చాలావరకు అచ్చులో లేవు, 1946లో ఒక మంచి సంకలనం తెచ్చి ఆయన్ని మళ్ళీ నిలబెట్టింది ఎవరనుకున్నారు, ఆ మాల్కమ్ కౌలీనే. మూడేళ్ళకి, 1949 సంవత్సరానికి, ఫాక్నర్‌కి నోబెల్. 1954లో హెమింగ్వేకి, 1962లో స్టైన్‌బెక్‌కి. డాస్ పాసోస్‌కి అలా చెయ్యిచ్చి లేపినవాళ్ళు ఎవరూ లేరు, లేపగలిగినవాళ్ళతో ఈయనకి అప్పటికే మాటల్లేవు. దీనికి తోడు 1947లో కారు యాక్సిడెంటులో భార్య కేటీ చనిపోయింది, ఈయన ఒక కన్ను పోగొట్టుకున్నాడు. హెమింగ్వే చనిపోయాక 1964లో వచ్చిన ఆయన పారిస్ జ్ఞాపకాల పుస్తకంలో, పేరు పెట్టకుండా, డబ్బున్నోళ్ళని వెంటబెట్టుకొచ్చే 'పైలట్ ఫిష్' అని ఒకణ్ణి తిట్టాడు, అది డాస్ పాసోసే అని అందరికీ తెలుసు. లక్షలమంది ఆ పుస్తకం ద్వారా ఈయన్ని చూశారు.

ఇప్పుడు ఈ నవల మీద ఉన్న అసలైన ఫిర్యాదుకి వద్దాం, అది రాజకీయం కాదు, సిలబస్ కాదు. మనుషులు బొమ్మల్లా ఉంటారు, లోపల ఏం లేదు, వీళ్ళకేం జరిగినా మనకేం అనిపించదు అని. యుద్ధం ఆగిపోయిన రోజు రాత్రి ఫ్రాన్స్ రేవు బార్‌లో గొడవలో నెత్తి మీద సీసా దెబ్బ తగిలి జో విలియమ్స్ చచ్చిపోతాడు, రచయిత కన్నీరు పెట్టడు, మనల్నీ పెట్టనివ్వడు. చార్లీ ఆండర్సన్ తాగి రైలుతో పందెం కట్టి కారు నడుపుతాడు, అంతే.

దీనికి సార్త్ర్ 1938లోనే జవాబు చెప్పాడు, ఇప్పటికీ అంతకన్నా మంచి జవాబు ఎవరూ చెప్పలేదు. ఈ మనుషుల గురించి చెప్పే గొంతు వాళ్ళది కాదు, రచయితదీ కాదు, వీధి గొంతు, పదిమంది అనుకునే మాట అది. మూర్‌హౌస్ అనే పబ్లిక్ రిలేషన్స్ పెద్దమనిషి అధ్యాయాలు చదవండి, డెలావేర్‌లో జులై 4న పుట్టినవాడు, నీలికళ్ళ కుర్రాడు, సమ్మెలు విరగ్గొట్టడానికి కంపెనీలకి తియ్యటి మాటలు రాసిచ్చి కోట్లు సంపాదిస్తాడు. ఆయన కథ చెప్పే వాక్యాలే ప్రెస్ నోట్‌లా ఉంటాయి. ఆయన లోపల ఆయనకి కూడా ఆ భాష తప్ప ఇంకేం మిగల్లేదు. ప్రేమ గురించి ఆలోచించినా ప్రకటన భాషలోనే ఆలోచిస్తాడు. మనిషి బోలుగా ఉన్నాడు అని రచయిత చెప్పాల్సిన అవసరమే లేదు, వాక్యమే బోలుగా మోగుతుంది.

1938లో మూడు భాగాలూ కలిపి వేసినప్పుడు ముందు ఒక చిన్న ప్రస్తావన చేర్చాడు, యు.ఎస్.ఏ. అంటే ఏంటి అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చి, అన్నిటికన్నా ఎక్కువగా అది జనం మాట్లాడే మాట అని ముగిస్తాడు. నా లెక్కలో ఈ నవలకి నాయకుడు ఆ 12 మందిలో ఎవరూ కాదు, ఆ మాటే నాయకుడు. జనం నోట్లో బతికి ఉన్న భాషని పేపర్లు, కంపెనీలు, పార్టీలు, యుద్ధం అమ్ముకునేవాళ్ళు ఎలా లాక్కున్నారో, చివరికి సొంత కష్టాన్ని చెప్పుకోడానికి కూడా మనిషికి అరువు మాటలే ఎలా మిగిలాయో, అదీ కథ. సాకో, వాంజెట్టి రాత్రి ఆయన కోపం కూడా దాని మీదే కదా. ఇలా చదివితే న్యూస్‌రీల్స్ అలంకారాలు కావు, అవే గుండె. మనుషుల కోసం వెతుక్కుంటూ వచ్చిన విమర్శకుడికి ఇది కనపడకపోవడం అర్థం చేసుకోగలను, కానీ కనపడలేదు కాబట్టి లేదు అనడం తప్పు.

లోపాలు లేవని కాదు. వెయ్యి పేజీల్లో అమెరికా మొత్తం చూపిస్తానని బయల్దేరినాయన, ఆ 12 మందిలో ఒక్క నల్లజాతి మనిషిని కూడా పెట్టలేదు, ఇది చిన్న లోపం కాదు, ఇప్పటి పాఠకులకి ఇది మొదటి పేజీల నుంచే తగులుతుంది, తగలాలి కూడా. ఆడవాళ్ళ కథలు చాలాచోట్ల ఒకే దారిలో, ప్రేమ, గర్భం, మోసం, నాశనం, అలా పోతాయి, మార్గో డౌలింగ్, మేరీ ఫ్రెంచ్ మాత్రమే ఆ దారి తప్పించుకుని ఊపిరి పోసుకున్నారు. మొదటి భాగంలో మాక్ తిరుగుళ్ళు సాగదీసినట్టే ఉంటాయి.

ఇంకో కారణం కూడా చెప్పాలి, ఇది ఒకరకంగా విజయమే. ఈయన టెక్నిక్ ఎంతమంది తీసుకున్నారంటే, ఇప్పుడు అది ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. నార్మన్ మెయిలర్ 1948లో యుద్ధ నవల రాస్తూ సైనికుల పాత జీవితాలు మధ్యమధ్యలో చొప్పించిన పద్ధతి ఇక్కడిదే. జాన్ బ్రన్నర్ 1968లో సైన్స్ ఫిక్షన్‌లోకి తెచ్చాడు. ఇ.ఎల్. డాక్టరో అనే రచయిత 1975 నవల 'రాగ్‌టైమ్'లో ఫోర్డ్, మోర్గాన్ లాంటి నిజం మనుషులు కల్పిత పాత్రల పక్కన తిరుగుతారు, ఆయనే తర్వాత 'యు.ఎస్.ఏ.'కి ముందుమాట కూడా రాశాడు. బీబీసీలో పాత ఫుటేజీ ముక్కలు అతికించి డాక్యుమెంటరీలు తీసే ఆడమ్ కర్టిస్ తన మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపిన పుస్తకం ఇదేనని చెప్పాడు. న్యూస్‌రీల్‌ని మన ఫోన్‌లో కదిలే ఫీడ్‌తో పోల్చి, చూశారా అప్పుడే ఊహించాడు అనడం ఇప్పుడు ఫ్యాషన్, నాకు ఆ పోలిక నచ్చదు. ఫీడ్‌ని ఎవరూ మీకు అర్థం కావాలని పేర్చరు, ఇక్కడ ప్రతి ముక్కనీ ఒక మనిషి కత్తిరించి, దాని పక్కన ఏది పెడితే అబద్ధం బయటపడుతుందో ఆలోచించి పెట్టాడు. మొదటి న్యూస్‌రీల్‌లోనే కొత్త శతాబ్దానికి చప్పుళ్ళతో స్వాగతం, కార్మికుల స్వాగతం, చర్చిల స్వాగతం అంటూ హెడ్‌లైన్లు, ఇరవయ్యో శతాబ్దం అమెరికాదే అన్న సెనేటర్ ప్రసంగం, వాటి మధ్యలో ఫిలిప్పీన్స్ యుద్ధానికి పోయిన సిపాయి పాట, ఎందరో మంచివాళ్ళు అక్కడ ప్రాణాలు పోగొట్టుకుని ఒంటరి సమాధుల్లో నిద్రపోతున్నారనే పాట. ఆ కత్తిరింపులో కోపం ఉంది.

పేరు పూర్తిగా పోలేదు లెండి. 1998లో మాడర్న్ లైబ్రరీ వాళ్ళు ఇరవయ్యో శతాబ్దపు 100 ఇంగ్లీషు నవలల లిస్టు వేస్తే 'యు.ఎస్.ఏ.' 23వ స్థానంలో ఉంది. 1996లో లైబ్రరీ ఆఫ్ అమెరికా మంచి ఎడిషన్ తెచ్చింది, వెనక నోట్స్‌తో, ఇన్నాళ్ళూ హెడ్‌లైన్లు అర్థం కాక వదిలేసినవాళ్ళకి అది చాలా మేలు. 1930 నాటి పుస్తకాలకి అమెరికాలో కాపీరైట్ 2026 జనవరి 1తో తీరిపోతుంది కాబట్టి మొదటి భాగం ఉచితంగా దొరుకుతుంది, 'మాన్‌హాటన్ ట్రాన్స్‌ఫర్' 2021 నుంచే దొరుకుతోంది. మిగతా రెండు భాగాలకి ఇంకా కొన్నేళ్ళు ఆగాలి.

చదవాలనుకునేవాళ్ళకి నా సలహా, వరస పాటించకండి. మాక్‌తో మొదలుపెట్టి వందో పేజీ దగ్గర పుస్తకం పక్కన పడేసినవాళ్ళు చాలామంది ఉంటారు. మూడో భాగం తీసుకోండి, అందులో ముందుగా వచ్చే జీవిత చిత్రం ఫ్రెడరిక్ టేలర్‌ది, కార్మికుడి ప్రతి కదలికనీ స్టాప్‌వాచ్‌తో కొలిచినాయన, మంచం మీద చనిపోయినప్పుడు కూడా చేతిలో గడియారం ఉందంటాడు. తర్వాత ఫోర్డ్ వస్తాడు, దేశమంతా కార్లతో నింపేసి, ముసలితనంలో తండ్రి పాత ఇంటిని మళ్ళీ ఉన్నదున్నట్టు కట్టించుకుంటాడు. ఆ తర్వాత వెబ్లెన్, ఎవరితోనూ రాజీపడలేక ఏ యూనివర్సిటీలోనూ నిలవని ఆర్థికవేత్త. ఈ ముగ్గురి మధ్యలో చార్లీ ఆండర్సన్ అధ్యాయాలు వస్తాయి, వాటిని దాటెయ్యకుండా చదవండి, ఎందుకంటే టేలర్ కొలతలు, ఫోర్డ్ డబ్బు ఒక మంచి మెకానిక్ చేతుల్ని ఏం చేశాయో అక్కడే ఉంది. న్యూస్‌రీల్స్‌ని గట్టిగా, గొంతెత్తి చదవండి, కళ్ళతో చదివితే వాటి లయ అందదు. అక్కడిదాకా వచ్చాక వెనక్కి వెళ్ళి మొదటి భాగం తెరిస్తే మాక్ కూడా బరువనిపించడు.